లాటిన్ మూడో డిక్లెన్షన్: ప్రథమ చూసి రాస్తే ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న
రొస (గులాబీ), సెర్వుస్ (దాసుడు) పట్టికలు తడుముకోకుండా చెప్పగలను. మూడో డిక్లెన్షన్ (ఒకే తీరు విభక్తి ప్రత్యయాలు తీసుకునే నామవాచకాల వర్గం) దగ్గరే చిక్కు. కొర్పుస్ (శరీరం) కూడా ఉస్‌తోనే ముగుస్తుంది కదా అని షష్ఠి కొర్పీ అని రాస్తే తప్పట. ఇతెర్ (ప్రయాణం)కి షష్ఠి ఇతినెరిస్ అట. ఒక్కొక్కటీ బట్టీ పట్టాల్సిందేనా?

జవాబు 1
ప్రథమను బట్టి డిక్లెన్షన్ తేల్చకండి. నిఘంటువులో రెండో రూపంగా ఇచ్చే షష్ఠీ ఏకవచనం చూడండి. చివర అయ్ ఉంటే మొదటిది, ఈ అయితే రెండోది, ఇస్ మూడోది, ఊస్ నాలుగోది, ఎఈ లేదా ఏఈ ఐదోది. ఉస్‌తో ముగిసేవి మూడు చోట్ల ఉన్నాయి: సెర్వుస్–సెర్వీ, కొర్పుస్–కొర్పొరిస్, మనుస్ (చేయి)–మనూస్.

ఇది మనకు కొత్తేమీ కాదు. ఇల్లు–ఇంటి–ఇంటికి, ఏరు–ఏటి–ఏటిలో. మన ఔపవిభక్తికాలు చేసే పనే అక్కడ షష్ఠి చేస్తుంది. ఇతినెరిస్‌లో ఇస్ తీసేస్తే మిగిలే ఇతినెర్‌కే ప్రత్యయాలు తగిలించాలి.

రేక్స్ (రాజు) షష్ఠి రేగిస్, అంటే ప్రాతిపదిక రేగ్. ద్వితీయ రేగెమ్, చతుర్థి రేగీ, అబ్లేటివ్ (నుంచి, తో, లో లాంటి అర్థాలిచ్చే విభక్తి) రేగె. బహువచనంలో ప్రథమా ద్వితీయలు రెండూ రేగేస్, షష్ఠి రేగుమ్, చతుర్థీ అబ్లేటివ్‌లు రెండూ రేగిబుస్. నిజానికి రూపం మారింది ప్రథమలోనే: రేగ్‌కి స్ చేరి రేక్స్ అయింది. కొర్పుస్‌లో మార్పు ఇంకో రకం. అచ్చుల మధ్య చిక్కిన పాత సకారం రేఫగా మారి కొర్పొరిస్ వచ్చింది.

జవాబు 2
కొర్పుస్ నపుంసకలింగం, ఇది మరవకండి. ద్వితీయ కొర్పొరెమ్ అని రాయడం అందరూ చేసే తప్పు. నపుంసకంలో ద్వితీయ ఎప్పుడూ ప్రథమలాగే ఉంటుంది: కొర్పుస్. బహువచనంలో రెండూ కొర్పొర. చదివేటప్పుడు దాన్ని రొసలాంటి ఏకవచనం అనుకుంటే వాక్యమంతా తలకిందులవుతుంది.

ప్రశ్న అడిగినవారు
అయితే తెంపుస్ (కాలం), షష్ఠి తెంపొరిస్. ద్వితీయ తెంపుస్, చతుర్థి తెంపొరీ, అబ్లేటివ్ తెంపొరె, బహువచనం తెంపొర, తెంపొరుమ్, తెంపొరిబుస్. సరేనాండీ?

జవాబు 3
అన్నీ సరైనవే. ఇక షష్ఠీ బహువచనం చూసుకోండి. కొన్నిటికి ఉమ్ బదులు ఇయుమ్ వస్తుంది. ప్రథమలోనూ షష్ఠిలోనూ అక్షరాల (అచ్చుల లెక్కన సిలబుల్స్) సంఖ్య ఒకటే అయితే (కీవిస్–కీవిస్, పౌరుడు), లేదా ఒకే అక్షరమున్న ప్రథమకు షష్ఠిలో ఇస్ ముందు రెండు హల్లులుంటే (ఉర్బ్స్–ఉర్బిస్, నగరం), కీవియుమ్, ఉర్బియుమ్ అనాలి. పతెర్ (తండ్రి), మాతెర్ (తల్లి), ఫ్రాతెర్ (సోదరుడు), కనిస్ (కుక్క), యువెనిస్ (యువకుడు) దీనికి లొంగవు: పత్రుమ్, కనుమ్. మరె (సముద్రం) లాంటి నపుంసకాలకు అబ్లేటివ్‌లోనూ చివర ‘ఈ’ వస్తుంది: మరీ, బహువచనం మరియ.

సాధన చేసేటప్పుడు రూపాలను తెలుగు లిపిలో కూడా రాసుకోండి. రొస ప్రథమ, రొసా అబ్లేటివ్. గీత పెట్టకుండా అచ్చువేసిన లాటిన్‌లో ఈ తేడా కనబడదు, మన దీర్ఘం దాన్ని దాచదు.