అప్‌డేట్: నెక్సానా, బ్రెజ్జానా అని అడిగాను కదా, కొనేశాను

నాలుగు నెలల క్రితం ఇక్కడ కారు గురించి అడిగాను: రోజూ గచ్చిబౌలి ట్రాఫిక్, నెలకోసారి విజయవాడ ప్రయాణం, పెట్రోల్ ఆటోమేటిక్ కావాలి, నెక్సాన్, బ్రెజ్జా, వెన్యూలలో ఏది మంచిదని. ఓపిగ్గా జవాబిచ్చిన ఓనర్లందరికీ థాంక్స్.

చివరికి బ్రెజ్జా తీసుకున్నాను. తేల్చింది గేర్‌బాక్సే. ఇందులోది 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే ఆటోమేటిక్. డ్రై క్లచ్ (చల్లబరిచే ఆయిల్ లేనిది) ఉన్న డ్యూయల్ క్లచ్ బాక్సులు, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌లు, నత్తనడక ట్రాఫిక్‌లో వేడెక్కుతాయని మీలో ఇద్దరు హెచ్చరించారు. మా బావమరిదికి అచ్చంగా అదే జరిగింది, ఫ్లైఓవర్ ఎక్కుతుండగా డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్. (ఏ కారో చెప్పను, ఇంట్లో గొడవలొద్దు.) నెక్సాన్‌లోది కూడా డ్యూయల్ క్లచ్చే గానీ, ఆయిల్‌తో చల్లబడే వెట్ క్లచ్ కాబట్టి దాన్ని ఆ గాటన కట్టకూడదు.

ఇప్పటికి 5,200 కిలోమీటర్లు తిరిగాను. సిటీలో లీటరుకు 11, హైవే మీద 17 వస్తోంది. 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ చాలా స్మూత్. కానీ టర్బో లేదుగా, సూర్యాపేట దాటాక లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ముందే లెక్క వేసుకోవాలి. నలుగురు, లగేజీ, ఏసీ ఉంటే ఇంకా ముందే. టెస్ట్ డ్రైవ్‌లో నెక్సాన్ 1.2 టర్బో ఈ విషయంలో హుషారుగా అనిపించింది, గతుకుల మీద కూడా అదే నిలకడగా ఉంది. ఒంటరిగా హైవే మీదే తిరిగేవాణ్ణయితే అదే కొనేవాణ్ణి.

కారు ఎంత నమ్మకమైనదో ఇంత తొందరగా తీర్పు చెప్పలేను. మొదటి ఫ్రీ సర్వీసు అయింది, ఇంతవరకు పేచీ లేదు. నాన్న మాత్రం ఇంకా "డీజిల్ తీసుకోవాల్సిందిరా" అంటూనే ఉన్నారు.