రాజ్యసభ పనితీరు తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక రోజు రాజ్యసభ నడిపించాలని పూనుకున్నాం. 11 గంటలకు జీరో అవర్ (సభ్యులు ప్రజా సమస్యలు లేవనెత్తే సమయం), 12కు ప్రశ్నోత్తరాలు, మధ్యాహ్నం బిల్లు. అంతవరకు ఇబ్బంది లేదు.

జీరో అవర్‌లో ఒక్కొక్కరికి 3 నిమిషాలే, తర్వాత మైకు ఆగిపోతుందని చెప్పాను. రిహార్సల్‌లో ఒక పాప వాచీ తీసి బల్ల మీద పెట్టుకుని, మామిడికి గిట్టుబాటు ధర గురించి చదివింది. తోతాపురి కాయ తోటలోనే రాలిపోతోందనే సరికి గొంతు పూడుకుపోయింది. వాళ్ళ నాన్నదీ అదే పంట.

సభ్యులు తెలుగులో మాట్లాడాలంటే అనువాదం కోసం ముందుగా ఎవరికి చెప్పాలి? బిల్లుపై డివిజన్ (ఓట్లు లెక్కపెట్టడం) అడిగితే గంట ఎంతసేపు మోగిస్తారు? గ్యాలరీలో కూర్చుని చూసినవాళ్ళెవరైనా దయచేసి చెప్పండి. శనివారమే మా సభ. పిల్లలకు తప్పు నేర్పిస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.