విలన్ గుంపులో ఒక్క మామూలోడు కూడా ఉండడా?

దేవరకొండ పోరడు:
ఫాంటసీలో నాకు చిరాకు విలన్ మీద కాదు, వాడి వెనకున్న గుంపు మీద. హ్యారీ పోటర్ ఆఖరి పుస్తకమే (2007) చూడండి. ఆ మాయల బడిలో పిల్లలను నాలుగు హౌస్‌లుగా పంచుతారు, విలన్ వోల్డెమార్ట్ చదివింది స్లిథరిన్ హౌస్‌లో. వాడితో యుద్ధానికి ముందు ఒక స్లిథరిన్ అమ్మాయి లేచి హ్యారీని పట్టుకోండి అంటుంది, అంతే, ఆ హౌస్ మొత్తాన్నీ బయటికి పంపేస్తారు. మిగతా బల్లల దగ్గర కొందరు పోరాడతామని ఉండిపోతారు, స్లిథరిన్ బల్ల పూర్తిగా ఖాళీ. పదకొండేళ్లప్పుడు ఒక మాయటోపీ నీది ఈ హౌస్ అని చెప్పిందని అంతమందిలో ఒక్కరికీ ఆగాలనిపించదా?

పాలమూరోడు:
అన్నా, పిల్లల కథకు శత్రువు ఎవరో తేలాలి కదా. పైగా అదే స్లిథరిన్ నుంచి వచ్చి విలన్‌కు ఎదురు తిరిగిన స్నేప్ ఉన్నాడు, రెగ్యులస్ ఉన్నాడు, ఆ హౌస్ టీచర్ స్లగ్‌హార్న్ అయితే పైజామా మీదే వచ్చి కొట్లాడాడు. భారతంలో కాలకేయులనే రాక్షసులు పగలు సముద్రంలో దాక్కుని రాత్రి మునులను చంపేవాళ్లు, అందులో మంచోడెవడని ఎవరన్నా అడిగారా?

దేవరకొండ పోరడు:
రెగ్యులస్ అయినా విభీషణుడైనా సొంత పక్షానికి ఎదురు తిరిగినోళ్లే. అంటే మిగిలినోళ్లంతా చెడ్డోళ్లే అని ఖాయం చేసినట్టే. నాకు కావాల్సింది కుంభకర్ణుడు. నిద్ర లేచి, తిని తాగి, రావణుడి దగ్గరికి పోయి నువ్వు చేసింది తప్పని ముఖం మీదే అంటాడు, అని మళ్లీ అన్న కోసమే యుద్ధానికి పోయి చస్తాడు. వాణ్ని ఏ లెక్కలో వేస్తావ్?

సాగర్ అక్క:
కథే కదా అంటున్న తమ్ముడికి ఒక మాట. 1871లో బ్రిటిష్‌వాళ్లు కొన్ని తెగలు పుట్టుకతోనే నేరస్థులని చట్టం తెచ్చారు, తర్వాత ఎరుకలవాళ్లనూ ఆ లిస్టులో కలిపారు. 1952లో అది రద్దయింది. అయినా మా ఊళ్లో కోడి పోతే ముందు వాళ్ల గుడిసెల వైపే చూసేవాళ్లు. పుట్టుకతో చెడ్డ జాతి అని చదివితే నాకు అదే గుర్తొస్తుంది, ఏం చేయను.

పాలమూరోడు:
అక్కా, చట్టం వేరు, కథ వేరు. ఇప్పుడు లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో విలన్ సైన్యంగా ఉండే ఓర్క్‌ల జాతికి ఓటు హక్కు ఇవ్వమంటారా? సరే, కుంభకర్ణుడు మంచి పాయింటే. కానీ సైన్యంలో ప్రతివాడికీ ఫ్లాష్‌బ్యాక్ పెడితే కథ ఎప్పుడు నడవాలి?

దేవరకొండ పోరడు:
ఫ్లాష్‌బ్యాక్ ఎవరడిగారు? ఓర్క్‌లన్నావు కాబట్టి చెప్తున్నా, అది రాసిన టోల్కీన్ 1954లోనే షాగ్రాట్, గోర్బాగ్ అని ఇద్దరు ఓర్క్‌లతో మాట్లాడించాడు. పైవాళ్ల మీద సణుగుతూ, యుద్ధం అయిపోతే పెద్ద బాసులు లేని చోటికి నమ్మకమైనోళ్లను తీసుకుని పోదాం అనుకుంటారు. నాలుగు మాటలంతే.

పాలమూరోడు:
దోచుకోవడానికి బాగుండే చోటు కావాలని కూడా అన్నారు, అది వదిలేశావేం? పైగా తర్వాత ఒక కవచం కోసం ఆ ఇద్దరి గుంపులూ వాళ్లలో వాళ్లే కొట్టుకుని చచ్చాయి.