47 ఏళ్లకి జియు జిట్సు మొదలుపెట్టొచ్చా? బెంగళూరువాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మేం మారతహళ్లిలో ఉంటాం. మా అబ్బాయి బ్రెజిలియన్ జియు జిట్సు (పట్లు పట్టి లొంగదీసే, కుస్తీ లాంటి విద్య) క్లాసుకి వెళ్తున్నాడు. వాణ్ణి దింపి బయట ఫోన్ చూస్తూ కూర్చునే బదులు నేనూ చేరదామా అనిపిస్తోంది. వయసు 47. పగలంతా కంప్యూటర్ ముందే. బీపీకి మాత్ర వేసుకుంటాను, మెట్లెక్కితే కుడి మోకాలు నొప్పి.

జిమ్ నాకు పడదు, బోర్. జియు జిట్సులో గుద్దులు, తన్నులు ఉండవు. పట్టు బిగిసిందంటే చేత్తో తడితే చాలు, అవతలివాళ్లు వదిలేయాలి. అది నచ్చింది. అమెరికన్ షెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ 58 ఏళ్లకి మొదలుపెట్టాడు. పోటీల్లో కూడా 30 దాటినవాళ్లకి మాస్టర్స్ విభాగాలు వేరుగా ఉంటాయి. మా ఆవిడ మాత్రం "ముందు డాక్టర్ని అడగండి, తర్వాత కుస్తీ పడుదురు గాని" అంటోంది. అడుగుతాను లెండి.

నలభై దాటాక చేరినవాళ్లని అడుగుతున్నా: కొన్నాళ్లు రోలింగ్ (జతగా నిజంగా తలపడే సాధన) వద్దు, టెక్నిక్ మాత్రమే నేర్చుకుంటానంటే కోచ్‌లు ఒప్పుకుంటారా? నొప్పి ఉన్న మోకాలికి గీ (మందపాటి కోటు, ప్యాంటు వేసుకుని చేసేది) నయమా, నో-గీనా (అది లేకుండా మామూలు టీషర్టుతో చేసేది)? పాతికేళ్ల కుర్రాళ్లతో జత వేస్తే ఎలా నెట్టుకొచ్చారు? నిద్ర, నడుము, ఆఫీసు టెన్షన్ విషయంలో నిజంగా తేడా కనిపించిందా? వైట్‌ఫీల్డ్ వైపు పెద్దవాళ్లు ఎక్కువగా వచ్చే ఉదయం బ్యాచ్ ఉంటే అదీ చెప్పండి.