ఎనర్జీ క్రాప్‌కి తెలుగు మాట: వంటచెరకు గుర్తుందా?

ప్రశ్న: వ్యవసాయ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ‘ఎనర్జీ క్రాప్స్’ని ‘శక్తి పంటలు’ అనొచ్చాండీ?

జవాబు: వద్దండీ. శక్తి పంటలంటే మా ఊళ్లో రాగులో సజ్జలో అనుకుంటారు, తింటే ఒంటికి బలమిచ్చేవి. మీరు చెప్పేది మండించడానికి వేసే పంట. ‘ఇంధన పంట’ అనండి. ఇంధనంలో ఉన్నది ‘ఇంధ్’ ధాతువు, అంటే రగిలించడం. హోమంలో వేసే సమిధ కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. ఇంధనమంటే మొదట పొయ్యిలో కట్టె, పెట్రోలు చాలా తర్వాత వచ్చి చేరింది.

ఇంటి మాటే కావాలంటే మనకు వంటచెరకు ఉంది. మబ్బు పట్టగానే మా నాయనమ్మ ‘వంటచెరకు లోపల పెట్టండ్రా’ అని కేకేసేది. తీరా చూస్తే అదంతా కందికంప, తుమ్మ కట్టె. చెరకు గడ ఒక్కటీ ఉండదు! ఇప్పుడు నిజం చెరకే ఇంధనమైంది. టన్ను చెరకు రసం నుంచి సుమారు 70 లీటర్ల ఇథనాల్ వస్తుంది. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కి ముందుకు జరిపారు. ఆ ఇథనాల్ చెరకు నుంచే కాదు, మొక్కజొన్న నుంచీ బియ్యం నుంచీ కూడా తీస్తున్నారు.

నాకు దిగులు అక్కడే. తిండి పండే నేల, నీళ్లు ఇంధనానికి పోకూడదు. అందుకే నా ఆశ కానుగ మీద. గింజలో దాదాపు మూడో వంతు ఇంధనంగా పనికొచ్చే నూనె. చేదు కాబట్టి ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోదు. గట్టు మీదా బీడులోనూ పెరుగుతుంది, ఆకు మడికి పచ్చిరొట్ట అవుతుంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ ఆడవాళ్లు కానుగ నాటి, 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపు కింద 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. ఆ రోజుల్లోనే అడవి ఆముదం (జట్రోఫా) గురించి కూడా గొప్పగా చెప్పారు. నీళ్లు లేని నేలలో అది చెప్పినంత కాయలేదు. కానుగకూ కాపు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. అన్నాళ్లూ రైతుకు వేరే ఆదరువు చూపాలి, మీ పాఠంలో ఆ మాట తప్పకుండా రాయండి.

ఇంకొకటి. పత్తికట్టె, కందికంప ఇంధన పంటల్లోకి రావు, అవి పంట తీశాక మిగిలేవి. వాటిని ‘పంట వ్యర్థాలు’ అంటున్నారు, నాకు మనసొప్పదు. మా ఇంట్లో కందిపప్పు కుండలోకి వెళ్తే, కందికంప కుండ కిందికి వెళ్లేది. ‘పంట కంప’ అని రాయండి చాలు.