స్టోర్ పాత్ ఒకటే, లోపలి లైబ్రరీ మాత్రం రెండు మెషీన్లలో రెండు రకాలు: నిక్స్ బిల్డ్‌లో ఏది జారిపోతోంది?

శ్రావణి_మ్యాట్రిక్స్ అడిగిన ప్రశ్న

ఇంకో ఇద్దరితో కలిసి మ్యాట్రిక్స్ లెక్కల కోసం ఒక చిన్న సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ చూసుకుంటున్నాను. ప్యాకేజింగ్ అంతా నిక్స్‌తోనే (ప్యాకేజీలను ఎక్కడ కట్టినా ఒకేలా రావాలని వాడే బిల్డ్ టూల్). లాక్ ఫైల్ గిట్‌లో ఉంది, కంపైలర్ దగ్గర్నుంచి ప్రతిదాని వెర్షన్ అందులో కట్టేసి ఉంది. నా ల్యాప్‌టాప్‌లో కట్టినా, సీఐ సర్వర్‌లో (మా కోడ్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే మెషీన్) కట్టినా స్టోర్ పాత్ (ఫలితాన్ని నిక్స్ దాచే ఫోల్డర్ పేరు) అక్షరం తేడా లేకుండా ఒకటే వస్తోంది. కానీ లోపలున్న స్టాటిక్ లైబ్రరీకి షా 256 (ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి వచ్చే చెక్‌సమ్) తీస్తే రెండు చోట్లా రెండు రకాలు.

ఇంకో చిక్కు ఏంటంటే, నా మెషీన్‌లోనే రీబిల్డ్ ఆప్షన్‌తో మళ్లీ కట్టించి పోల్చమంటే నిక్స్ ఏ ఎర్రరూ ఇవ్వదు. సీఐలోనూ అంతే. ఎవరింట్లో వాళ్లు బాగానే ఉన్నారు, ఎదురుపడితేనే పేచీ.

ఇది నాకు ఎందుకు ముఖ్యమంటే, మా లైబ్రరీ వాడేవాళ్లలో కొందరు మేమిచ్చే బైనరీని ఊరికే నమ్మం, సోర్స్ నుంచి మేమే కట్టి పోల్చుకుంటాం అంటున్నారు. అలా అడిగే హక్కు వాళ్లకుంది. "సోర్స్ ఒకటేనండీ" అని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఇది టైమ్‌స్టాంపుల గొడవేనా? ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలి?

పాతకంపైలర్

శ్రావణి గారూ, మీరు చెప్పిన లక్షణాల్లోనే సగం జవాబుంది.

ముందు స్టోర్ పాత్ సంగతి. అందులోని 32 అక్షరాల హ్యాష్ బయటికొచ్చిన ఫైళ్లది కాదు, లోపలికెళ్లిన వాటిది. సోర్స్, కంపైలర్, డిపెండెన్సీలు, బిల్డ్ స్క్రిప్టు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు అన్నీ కలిపి, బిల్డ్ మొదలవక ముందే లెక్కగట్టేస్తారు. అందుకే పాత్ ఒకటే వచ్చిందంటే ఇద్దరూ ఒకే చోట బయల్దేరారని మాత్రమే అర్థం. ఎక్కడ తేలారో అది చెప్పదు. ఫలితాన్ని బట్టే పాత్ ఇచ్చే పద్ధతి ఎల్కో డోల్‌స్ట్రా 2006 నాటి పీహెచ్‌డీ థీసిస్‌లోనే ఉంది, కానీ మనం రోజూ వాడేది మొదటి పద్ధతే.

టైమ్‌స్టాంప్ అయితే కాదనే నా నమ్మకం. అదే అయితే మీ మెషీన్‌లో రెండోసారి కట్టినప్పుడే దొరికిపోయేది, ఎందుకంటే గడియారం ముందుకు కదిలింది కదా. పైగా నిక్స్ మామూలు బిల్డ్ వాతావరణంలో తేదీని ఒకచోట కట్టేసే సోర్స్ డేట్ ఎపాక్ అనే వేరియబుల్ సెట్ అయి ఉంటుంది. జీసీసీ కంపైలర్ 7వ వెర్షన్ నుంచి డేట్, టైమ్ మాక్రోలు దాన్నే చూస్తాయి. ఆర్కైవ్ చేసే ఏఆర్ టూల్ కూడా టైమ్, యూజర్ ఐడీ లాంటివి సున్నా చేసే మోడ్‌లో ఉంటుంది.

కాబట్టి తేడా మెషీన్‌ని అంటిపెట్టుకుని ఉన్నదేదో అయ్యుండాలి. బిల్డ్‌ని విడిగా ఉంచే నిక్స్ శాండ్‌బాక్స్ నెట్‌వర్క్‌ని మూసేస్తుంది, మిగతా ఫైళ్లను కనపడనివ్వదు. కానీ సీపీయూని, కెర్నల్‌ని, అడుగున ఉన్న ఫైల్ సిస్టమ్‌ని దాచలేదు. నేనైతే ముందు ఫోల్డర్‌లోని ఫైళ్ల వరుసను అనుమానిస్తాను. ఈఎక్స్‌టీ4లో ఫోల్డర్ చదివితే పేర్లు అక్షరక్రమంలో రావు, పేరు నుంచి తీసిన హ్యాష్ క్రమంలో వస్తాయి. ఆ హ్యాష్‌కి వాడే సీడ్ ఒక్కో డిస్క్ ఫార్మాట్‌కి ఒక్కోటి. ఒకే డిస్క్ మీద ఎన్నిసార్లు కట్టినా అదే వరుస, డిస్క్ మారితే వేరే వరుస. మీ పేచీకి ఇది సరిగ్గా సరిపోతుంది.

ఊహలు ఎందుకు, డిఫోస్కోప్ నడపండి. చెక్‌సమ్ "వేరు" అనేదాంతో ఆగిపోతుంది. డిఫోస్కోప్ అయితే ఆర్కైవ్ విప్పి, అందులోని ఆబ్జెక్ట్ ఫైళ్లు విప్పి, ఏ సెక్షన్‌లో ఏం మారిందో పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. ఒక జాగ్రత్త: సీఐ ఫలితాన్ని మీ స్టోర్‌లోకి దిగుమతి చేయకండి. పాత్ ఒకటే కాబట్టి "ఇది నా దగ్గర ఉంది" అని నిక్స్ వదిలేస్తుంది, మీరు మీ ఫైల్‌ని మీ ఫైల్‌తోనే పోల్చుకుంటారు. మామూలు ఫైల్‌గా డౌన్‌లోడ్ చేసుకోండి.

శ్రావణి_మ్యాట్రిక్స్

నడిపాను. మొత్తం ఆర్కైవ్‌లో తేడా ఉన్నవి రెండే ఆబ్జెక్ట్ ఫైళ్లు.

మొదటిది రిజిస్ట్రీ. దాని రీడ్ ఓన్లీ డేటా సెక్షన్‌లో నా వైపు పేర్లు ట్రాన్స్‌పోజ్, సాల్వ్, మల్టిప్లై అని ఉన్నాయి. సీఐ వైపు సాల్వ్, మల్టిప్లై, ట్రాన్స్‌పోజ్. అవే పేర్లు, అదే సైజు, వరుస మాత్రమే వేరు. ఆ ఫైల్‌ని ఒక పైథాన్ స్క్రిప్ట్ తయారుచేస్తుంది, కెర్నల్స్ ఫోల్డర్‌ని (మా లెక్కల ఫంక్షన్లను కెర్నల్స్ అంటాం) లిస్ట్‌డిర్‌తో చదివి. మీరన్నదే నిజమైంది.

రెండోది మల్టిప్లై కెర్నల్. ఇక్కడ సైజే వేరు. డిసాసెంబ్లీలో నా వైపు వైఎంఎం రిజిస్టర్లు, సీఐ వైపు జెడ్‌ఎంఎం రిజిస్టర్లు కనిపిస్తున్నాయి. మా సీమేక్ ఫైల్‌లో మార్చ్ నేటివ్ (కట్టే మెషీన్ సీపీయూకి తగ్గట్టు కోడ్ ఇవ్వమనే ఫ్లాగ్) ఎక్కడా లేదు.

పాతకంపైలర్

మొదటిది ఒక్క మాటలో పోతుంది. లిస్ట్‌డిర్ చుట్టూ సార్టెడ్ పెట్టండి. షెల్ స్క్రిప్టులో సార్ట్ చేసే చోట ఎల్‌సీ ఆల్‌ని సీ అని పెట్టడం మరిచిపోవద్దు, లొకేల్ మారితే వరుస మారుతుంది. ఎక్కడైనా మేక్‌ఫైల్‌లో వైల్డ్‌కార్డ్ ఉంటే దాన్నీ చూడండి. గ్నూ మేక్ 3.82లో వైల్డ్‌కార్డ్ ఫలితాల్ని వరుసలో పెట్టడం ఆపేశారు, 4.3లో మళ్లీ మొదలుపెట్టారు. టూల్ మీద ఆధారపడకుండా మనమే సార్ట్ రాసుకుంటే గొడవ ఉండదు.

నన్ను నిజంగా కలవరపెట్టింది రెండోది. జెడ్‌ఎంఎం అంటే ఏవీఎక్స్ 512, కొన్ని సీపీయూల్లోనే ఉండే ఇన్‌స్ట్రక్షన్లు. మీ సీఐ సర్వర్‌కి అది ఉంది, మీ ల్యాప్‌టాప్‌కి లేదు. మార్చ్ నేటివ్ రాసినా నిక్స్ కంపైలర్ ర్యాపర్ దాన్ని తీసేస్తుంది, కాబట్టి ఆ దారిలో వచ్చింది కాదు. బిల్డ్‌లో ఎక్కడో ఒక స్క్రిప్ట్ ప్రాక్ కింద ఉన్న సీపీయూ ఇన్ఫో ఫైల్ చదువుతోంది, శాండ్‌బాక్స్‌లో కూడా అది కనిపిస్తుంది. "ఏవీఎక్స్" అని వెతికితే దొరకాలి.

హ్యాష్ సంగతి అటుంచండి. మీరు సీఐలో కట్టిన బైనరీనే కదా పబ్లిష్ చేస్తున్నది? ఏవీఎక్స్ 512 లేని సీపీయూ మీద ఎవరైనా మల్టిప్లై పిలిస్తే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. యూజర్ దగ్గర పేలాల్సిన బగ్‌ని ఈ పోలిక ముందే పట్టిచ్చింది. నేను రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ (ఎవరు కట్టినా అదే బైనరీ రావడం) కోసం ఇంత పట్టుబట్టేది ఇందుకే.

లెక్కల లైబ్రరీలకి ఈ జబ్బు పాతదే. జీఎంపీ కాన్ఫిగర్ అయ్యేటప్పుడు సీపీయూని చూసుకుంటుంది, అందుకే ప్యాకేజీ కట్టేవాళ్లు అన్ని రకాల సీపీయూల కోడూ కలిపి కట్టే ఫ్యాట్ ఆప్షన్ పెడతారు. ఓపెన్‌బ్లాస్‌కి డైనమిక్ ఆర్చ్ ఉంది. అట్లాస్ అయితే బిల్డ్ టైమ్‌లో వేగాన్ని కొలిచి మరీ కోడ్ ఎంచుకుంటుంది, ఆ కొలత అప్పటి మెషీన్ లోడ్‌ని బట్టి కూడా మారుతుంది. మీరూ ఫ్యాట్ దారే పట్టండి. మామూలు, ఏవీఎక్స్2, ఏవీఎక్స్ 512 మూడు రకాలూ ప్రతి బిల్డ్‌లో కట్టేసి, ఏది వాడాలో లైబ్రరీ రన్ అయ్యేటప్పుడు తేల్చుకోనివ్వండి. జీసీసీలో టార్గెట్ క్లోన్స్ ఆట్రిబ్యూట్ ఉంది, సగం పని అదే చేసిపెడుతుంది. ఫైల్ సైజు కొంచెం పెరుగుతుంది, పర్వాలేదు.

ఆబ్జెక్ట్‌ఫైల్_ఓ

పైదంతా సరే, సోర్స్ తెచ్చే చోటు కూడా ఒకసారి చూడండి. 2023 జనవరిలో గిట్‌హబ్ అప్పటికప్పుడు తయారుచేసి ఇచ్చే ఆర్కైవ్‌ల కంప్రెషన్ మారి, లోపలి ఫైళ్లు అవే ఉన్నా చెక్‌సమ్‌లు మారిపోయాయి. చాలా ప్యాకేజీల బిల్డ్‌లు ఆగాయి, తర్వాత వాళ్లు ఆ మార్పు వెనక్కి తీసుకున్నారు. నిక్స్‌లో గిట్‌హబ్ నుంచి తెచ్చే ఫంక్షన్ విప్పిన ఫైళ్ల మీద హ్యాష్ తీస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది రాలేదు. మీరు నేరుగా టార్‌బాల్‌కి హ్యాష్ ఇస్తుంటే మార్చుకోండి.

ఇంకోటి, మీ యూజర్లకి దీని పరిధి కూడా చెప్పండి. 2024లో ఎక్స్‌జడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 టార్‌బాళ్లలో గిట్‌లో లేని ఒక ఎం4 స్క్రిప్ట్ దూర్చారు. అలాంటి సోర్స్‌ని పదిమంది కట్టి పోల్చినా పదీ ఒకేలా వస్తాయి, పదింటిలోనూ బ్యాక్‌డోర్ ఉంటుంది. బైనరీ ఆ సోర్స్ నుంచే వచ్చిందా అన్నదానికే ఈ పోలిక జవాబిస్తుంది. సోర్స్ మంచిదా కాదా అన్నది వేరే పని.

శ్రావణి_మ్యాట్రిక్స్

దొరికింది. సీమేక్ పిలిచే ఒక పాత షెల్ స్క్రిప్ట్ సీపీయూ ఇన్ఫోలో వెతికి ఫ్లాగ్ పెడుతోంది. అది తీసేసి మూడు రకాలూ కట్టేలా మార్చాం, సార్టెడ్ కూడా పెట్టాం. ఇప్పుడు రెండు మెషీన్లలోనూ షా 256 ఒకటే! మళ్లీ ఇలాంటిది దూరకుండా సీఐలో ఏం పెట్టమంటారు?

పాతకంపైలర్

చాలా సంతోషం అండీ. ఒకే మెషీన్‌లో రెండుసార్లు కట్టే చెక్ ఉంచండి, టైమ్ లాంటివి అది పడుతుంది. కానీ మీ రెండు బగ్‌లూ దాన్ని దాటి వచ్చినవే. అందుకని వేరే తరం సీపీయూ, వేరే ఫైల్ సిస్టమ్ ఉన్న ఇంకో రన్నర్ మీద కట్టి, రెండు హ్యాష్‌లు కలవకపోతే రిలీజ్ ఆగిపోయేలా పెట్టండి. రెండో రన్నర్ దొరకకపోతే డిసార్డర్‌ఎఫ్‌ఎస్ వాడొచ్చు, అది కావాలనే ఫోల్డర్ వరుసను కలిపేసి ఇస్తుంది. సీపీయూ తేడాని మాత్రం అది పట్టలేదు.

రిలీజ్ నోట్‌లో షా 256 పక్కనే లాక్ ఫైల్ ఉన్న గిట్ కమిట్ కూడా రాయండి. వాళ్లు ఏ సోర్స్‌ని, ఏ కంపైలర్‌తో కట్టాలో ఆ కమిటే చెబుతుంది.