కాటలాన్‌లో భవిష్యత్తుకి 'బచ్ అ' అనొచ్చా, అనకూడదా?

మూడో_బెంచి:
బార్సిలోనాలో చదువుకుంటూ సాయంత్రాలు ఇక్కడి కాటలాన్ భాష క్లాసుకి వెళ్తున్నా. "రేపు డాక్టర్‌తో మాట్లాడబోతున్నాను" అని చెప్పడానికి "దమా బచ్ అ పర్లా అంబ్ అల్ మెడ్జ" అని రాశాను. మేడం 'బచ్ అ పర్లా' కొట్టేసి పైన 'పర్లరే' అని రాశారు. 'బచ్ అ' అంటే స్పానిష్ వాసనట. మరి మా ల్యాబ్‌లో ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాళ్ళు కూడా అలాగే అంటున్నారే! వాళ్ళ భాష వాళ్ళకే రాదంటారా?

వ్యాకరణం_వెంకి:
మేడందే రైటు. 'బచ్' అంటే 'వెళ్తాను'. మధ్యలో 'అ' లేకుండా 'బచ్ పర్లా' అంటే 'మాట్లాడాను', అంటే భూతకాలం. భవిష్యత్తుకి క్రియ మూలరూపానికే ప్రత్యయం తగిలిస్తారు: పర్లరే, పర్లరాస్, పర్లరా, పర్లరెమ్, పర్లరెవ్, పర్లరాన్. చాలా క్రియల మూలరూపం చివర రాతలో 'ర్' ఉంటుంది. బార్సిలోనాలో దాన్ని పలకరు కానీ, భవిష్యత్తు రాగానే బయటికొస్తుంది. దారి తప్పేవి కొన్నే, ఉదాహరణకి: తనీ (కలిగి ఉండటం) తిన్‌ద్రే అవుతుంది, బనీ (రావడం) బిన్‌ద్రే, బులే (కోరడం) బుల్‌ద్రే, ఫే (చేయడం) ఫరే, అనా (వెళ్ళడం) అనిరే. 'సే' (ఉండటం)కి 'సరే'. ఫోన్‌లో వాళ్ళు 'సరే' అన్నారని మనం ఒప్పుకున్నారనుకుంటే కష్టం :)

ఇంతకీ మీ ల్యాబ్ వాళ్ళు కుర్చీలోంచి లేచి అంటున్నారా, కూర్చునే అంటున్నారా? "బచ్ అ కుంప్రా పా" అంటూ బ్రెడ్ కొనడానికి బయల్దేరితే అది నూటికి నూరుపాళ్ళు కాటలానే. నిజంగా వెళ్తున్నారు కదా.

మూడో_బెంచి:
కూర్చునే అండి. మీటింగ్‌లో స్లైడ్ పెట్టి "ఆర బచ్ అ అక్స్‌ప్లికా" అంటారు, ఇప్పుడు వివరిస్తానని.

పాలకొల్లు_పిల్ల:
చూశారా వెంకి గారూ! మనం 'చెప్పబోతున్నాను' అంటాం, అందులో ఉన్నదీ 'పోవు'యే. వెళ్ళడంలోంచి భవిష్యత్తు పుట్టడం స్పానిష్ సొత్తేం కాదు. మీ వ్యాకరణాల వాళ్ళే "అనావ అ సుర్తీ", అంటే "బయల్దేరబోతుంటే" అని గతంలో వాడితే ఏమీ అనరు. గతంలో ఒప్పు, వర్తమానంలో తప్పా? పొంపెవ్ ఫబ్ర వ్యాకరణం 1918 నాటిది. కాటలాన్ అధ్యయన సంస్థ 2016లో కొత్తది వేసింది. భాష కదలకపోతే రెండోది ఎందుకు?

వ్యాకరణం_వెంకి:
కదలొద్దని నేననలేదమ్మా. కదిలిన దారే వేరు. మధ్యయుగపు వృత్తాంతాల్లో యుద్ధఘట్టం వచ్చినప్పుడు కథకుడు ఊపు కోసం "వెళ్ళి కొడతాడు" అన్నట్టు చెప్పేవాడు. ఆ ఊపే ముదిరి ముదిరి మామూలు భూతకాలమైంది. ఇప్పుడు పత్రికల్లోనూ పిల్లల కబుర్లలోనూ అదే నడుస్తోంది. అంటే 'వెళ్ళు' అనే కుర్చీలో ఇప్పటికే భూతకాలం కూర్చుంది.

ఇక చెవితో వినండి. మూడో మనిషికి 'బచ్' బదులు 'బా' వస్తుంది. "బా కంతా" అంటే "ఆమె పాడింది". మీరడిగే భవిష్యత్తు "బా అ కంతా". మాటల్లో ఆ రెండు 'అ'లూ కలిసిపోయి మళ్ళీ "బా కంతా"యే వినిపిస్తుంది. 'నిన్న', 'రేపు' లాంటి మాట పక్కన లేకపోతే పాడిందో పాడబోతోందో ఎలా తెలుస్తుంది? 'కంతరా' అంటే ఏ గొడవా లేదు.

నిజామాబాద్_నానీ:
గింత లొల్లి ఎందుకన్నా? నేను ఈడ హోటల్ కిచెన్ల పనిచేస్తున్న. రేపు డ్యూటీకి వస్తవా అని అడిగితే "దమా బింక్" అంటరు, "రేపు వస్తున్న" అని. ముందే ఖాయమైన పనైతే వర్తమానమే సరిపోతది, మన లెక్కనే. వాన సంగతి మాత్రం వేరే, "దమా ప్లౌరా" అనాల్సిందే. వాన మనతోని టైం మాట్లాడుకోదు గద.

కృష్ణాతీరం:
వలెన్సియా నుంచి. అందరూ 'బచ్ అ' దగ్గరే ఆగిపోయారు కానీ, మన తెలుగువాళ్ళు బోర్లాపడేది ఇంకోచోట. "ఈపాటికి ఇంట్లో ఉంటాడు" అని ఊహించేటప్పుడు మనం భవిష్యత్తు రూపమే వాడతాం. స్పానిష్ వాళ్ళూ అంతే. అదే అలవాటుతో "సరా అ కాజ" అనేస్తాం. కాటలాన్‌లో ఊహకి "దెవ్ సే అ కాజ" అనమంటుంది సంప్రదాయ వ్యాకరణం. 'బచ్ అ' పరాయిదని విన్నవాళ్ళు వెంటనే పట్టేస్తారు. 'సరా' రూపం శుభ్రమైన కాటలాన్ కాబట్టి తప్పు కంటికి ఆనదు, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. మూడో బెంచి గారూ, మేడం దాన్ని దిద్దుతున్నారో లేదో చూసుకోండి.

పాలకొల్లు_పిల్ల:
ఇది బాగా చెప్పారు. వెంకి గారి 'బా' వాదన కూడా కాదనలేను, మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు గందరగోళమే. 'బచ్ అ'కి మాత్రం అది వర్తించదు. 'బచ్ పర్లా', 'బచ్ అ పర్లా' చెవికి వేరుగానే తెలుస్తాయి.

వ్యాకరణం_వెంకి:
నాకు ఒకటి, ఆమెకు ఇంకొకటి అని క్రియని సగానికి కోసి వాడతారా ఎవరైనా?

పాలకొల్లు_పిల్ల:
ల్యాబ్ కుర్రాళ్ళు వాడుతున్నారుగా!

మూడో_బెంచి:
శుక్రవారం పరీక్ష. కాగితం మీద పర్లరే, ఊహకి 'దెవ్'. ల్యాబ్‌లో మాత్రం వాళ్ళు ఎలా అంటే అలాగే.